ఆడీబక యుద్ధము : అత్యుక్తియందలి ఔచిత్యము

హరిశ్చంద్రుని కథ ఎరుగని తెలుగువాడు అరుదు. వీథినాటకములు, పద్యనాటకములు, చలనచిత్రములు ఆ కథను ఊరూర వినిపించినవి. అయినను, మార్కండేయ పురాణమున ఆ కథ ముగిసిన వెంటనే వచ్చు ఆడీబక యుద్ధమును ఎరిగినవారు చదువరులలోగూడ కొలదిమందియే. హరిశ్చంద్రుడు స్వర్గమున కేగిన పిదప వసిష్ఠ విశ్వామిత్రులు ఒకరినొకరు శపించుకొని పక్షులై, లోకములు తల్లడిల్లునట్లు పోరిన వృత్తాంతమిది. ఉపాధ్యాయులు దీనిని సాధారణముగా రెండు వాక్యములలో ముగింతురు. విమర్శకులు పౌరాణికమైన అతిశయోక్తి యని పక్కకు పెట్టుదురు. ఈ ఘట్టము అట్లు విడువదగినది కాదనియు, ఇందలి అమితమైన కొలతలే దీని అర్థమునకు ఆధారమనియు నిరూపించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

ఈ విచారమునకు ప్రేరణ ఒక తరగతి గదిలో కలిగినది. సిద్దిపేటలో విద్యార్థులకు హరిశ్చంద్రోపాఖ్యానమును బోధించుచు, సంస్కృత మూలమున ఈ పక్షులకు చెప్పిన కొలతలను వినిపించితిని. ఆడి ఎత్తు 2,000 యోజనములు. బకము 3,000 యోజనములకు పైబడినది. యోజన ప్రమాణమును గూర్చి భిన్నమతములు కలవు. 8 మైళ్ళు, అనగా సుమారు 13 కిలోమీటర్లు, అను లెక్కను గ్రహించినచో సిద్దిపేటనుండి హైదరాబాదునకు గల దూరము 8 యోజనములకు మించదు. అదే లెక్కన ఆడి ఎత్తు 26,000 కిలోమీటర్లు. నేటి శాస్త్రము చెప్పు భూగోళపు వ్యాసము సుమారు 12,700 కిలోమీటర్లు. పోరుచున్న పక్షి తాను నిలిచిన భూమికి రెండింతలున్నదన్నమాట! తరగతి యంతయు నవ్వినది. వెనుక బల్లనుండి ఒక విద్యార్థి లేచి, ‘అంత పెద్ద పక్షులు ఎక్కడ నిలబడి కొట్లాడినయి సార్?’ అని అడిగినాడు. ఆనాడు నాకు సమాధానము తోచలేదు. పరిహాసముగా అడిగిన ఆ ప్రశ్న ఘట్టపు ఆయువుపట్టును తాకినదని తరువాత బోధపడినది.

ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. పురాణముల భూమండలము మన భూగోళము కాదు. దానిని 50 కోట్ల యోజనముల విస్తీర్ణము గలదిగా పౌరాణికులు వర్ణింతురు. ఆ మండలముపై 2,000 యోజనముల పక్షి కనుపింపనైన కనుపింపదు. కావున మన కిలోమీటర్ల లెక్కను బట్టి పురాణకర్తను అపహసించుట న్యాయము కాదు. నవ్వునకు ఆధారము కలదేని అది మన గణితమునందు గాక, కథయందే ఉండవలెను. అట్టి ఆధారము కలదని నా అభిప్రాయము. దానిని చూచుటకు ముందు కథాసంవిధానమును పరిశీలింపవలెను.

మార్కండేయ పురాణమున ఈ భాగమును చెప్పువారు పక్షులు. జైమిని మహాభారతమును గూర్చి తనకు కలిగిన సందేహములను తీర్చుకొనుటకు వింధ్యాద్రియందున్న ధర్మపక్షులను ఆశ్రయించును. ఆ పక్షులు నాలుగు: పింగాక్షుడు, విబోధుడు, సుపుత్రుడు, సుముఖుడు. వారి తల్లి కురుక్షేత్రముపై ఎగురుచుండగా బాణము తగిలి మరణించినది. గర్భమునుండి అండములు రణభూమిపై పడినవి. అదే సమయమున భగదత్తుని ఏనుగు సుప్రతీకపు మెడలోని గంట తెగి వానిపై బోర్లపడినది. అక్షౌహిణులు నశించిన చోట ఆ గంట మాటున నాలుగు గ్రుడ్లు బ్రతికినవి. శమీకముని వానిని చూచి తెచ్చి పెంచినాడు. పూర్వజన్మమున ముని కుమారులై, తండ్రి శాపముచేత పక్షిజన్మము నొందియు జ్ఞానమును కోల్పోని వారు వీరు.

అట్టి పక్షులే ఆడీబకముల కథను చెప్పుచున్నవి. శాపమువలన పక్షులైనను ఋషులుగా మిగిలినవారు, ఋషులై యుండియు కోపమువలన పక్షులైన వారిని గూర్చి పలుకుచున్నారు. ఈ ఎదురుబొదురు అమరిక యాదృచ్ఛికమని చెప్పజాలము. వక్తలు మనుష్యులై యుండినచో ఈ యుద్ధము ఒక వింత మాత్రమే. పక్షులు వక్తలగుటచేత అది తీర్పు అయినది.

ఇక హరిశ్చంద్రోపాఖ్యానమున ఈ యుద్ధము నిర్వహించు పనిని చూతము. కథ చదివిన ప్రతి పాఠకునకు ఒక ప్రశ్న మిగులును. రాజ్యమును, భార్యను, కుమారుని, తుదకు తన్నుతానే అమ్ముకొనునట్లు ఒక ధర్మాత్ముని వేధించిన విశ్వామిత్రునకు జవాబుదారీ లేదా? నాటకములు దీనిని పరీక్ష యను మాటతో సరిపుచ్చును. పరీక్ష యనగానే పరీక్షించినవాడు గురువగును, బాధ పాఠమగును. పురాణము అంత తేలికగా సరిపుచ్చలేదు. ఆ ప్రశ్నకు అది మూడు తావుల మూడు విధములైన ప్రతిస్పందనలను చూపినది.

మొదటిది విశ్వేదేవులది. రాజపత్నిని విశ్వామిత్రుడు కఱ్ఱతో కొట్టుటను చూచి ఐదుగురు విశ్వేదేవులు సహింపలేక, ఇట్టి పాపి ఏ లోకముల కేగునోయని పలికినారు. వారు పలికినది ఉన్నమాటయే. ఫలముగా మనుష్యులై పుట్టుడని శాపమునొంది ద్రౌపదికి ఐదుగురు కుమారులై జన్మించి, వివాహము కాకుండగనే మరణించినారు. జైమిని ప్రశ్నలలో ఒకటి ఆ ఉపపాండవుల అకాలమరణమును గూర్చినదే. హరిశ్చంద్రుని కథ ఆ ప్రశ్నకు సమాధానముగా పుట్టినది. అనగా అన్యాయమును చూచి నోరు తెరచినవారు శిక్షింపబడినారను విషయమే ఈ ఉపాఖ్యానమునకు ద్వారము.

రెండవది వసిష్ఠునిది. హరిశ్చంద్రునకు పురోహితుడైన ఆయన 12 ఏండ్లు గంగాజలమున వసించి, వెలువడిన పిదప జరిగినది వినినాడు. తన నూర్గురు కుమారులు చంపబడినప్పుడు సైతము తనకు ఇంతటి క్రోధము కలుగలేదని ఆయన పలుకును. విశ్వామిత్రుని బకమగునట్లు శపించును. విశ్వామిత్రుడు వసిష్ఠుని ఆడియగునట్లు ప్రతిశాపమిచ్చును. అటుపైన యుద్ధము. రెక్కల తాకిడికి కొండలు కూలినవి, సముద్రములు పొంగినవి, భూమి ఒరగినది, ప్రాణికోటి నశింపసాగినది.

మూడవది బ్రహ్మది. ఆయన దేవతలతో వచ్చి పోరు మానుడని అడుగును. వారు వినరు. అప్పుడాయన వారి తిర్యగ్రూపమును తొలగించును. పూర్వరూపమునొందిన ఋషులు సిగ్గుపడి, ఒకరినొకరు క్షమించి కౌగిలించుకొందురు.

ఈ మూడింటిలో మధ్యది మన విచారణకు ప్రధానము. వసిష్ఠుని కోపము న్యాయమైనది. ఒక సజ్జనునికి జరిగిన అపకారమును చూచి కలిగినది. అయితే అది ఆలస్యముగా వచ్చినది. శిష్యుడు కాటికాపరియై యున్ననాడు గురువు నీట మునిగి యున్నాడు. శిష్యుడు స్వర్గమున సుఖముగా నున్న తరువాత గురువునకు ఆగ్రహము కలిగినది. ఆ ఆగ్రహమువలన హరిశ్చంద్రునకు కలుగు మేలు ఏమియు లేదు. చేయదగిన పని మిగులని కోపము పెరుగుట తప్ప మరొక మార్గము నెరుగదు. 2,000 యోజనములను ఆ పెరుగుదలకు కొలతగా గ్రహించినచో, అది కవి విచ్చలవిడితనము గాక పాత్రౌచిత్యమే యగును.

దీనికి ప్రతిగా హరిశ్చంద్రుని చర్యను గమనింపుడు. దేవతలు స్వర్గమునకు పిలిచినప్పుడు ఆయన తన ప్రజలను విడిచి రానన్నాడు. వారిని వెంటబెట్టుకొని పోయినాడు. హరిశ్చంద్రుని పక్షమున ఆరంభమైన యుద్ధము అట్టి ప్రజలనే నలిపివేసినది. ఎవనికొరకు కోపించినారో, వాని ధర్మమునే కోపించినవారు మరచినారు. ఉపాఖ్యానపు చివర ఈ యుద్ధమును నిలిపిన కర్త ఉద్దేశము ఇదియేయని తోచుచున్నది. దీనిని వదలి హరిశ్చంద్రుని కథను చెప్పినచో కథ మంగళాంతమగును గాని, సంపూర్ణము కాదు.

ఇప్పుడు నవ్వునకు ఆధారములను పరిశీలింతము. మొదటిది పక్షుల ఎన్నిక. ఋషులు సింహములో, శరభములో, గండభేరుండములో కాలేదు. విశ్వామిత్రుడు కొంగ అయినాడు. నీటియొడ్డున ఒంటికాలిపై కదలక నిలిచి చేపను కనిపెట్టు కొంగను కపట తపస్వికి గుర్తుగా లోకము చెప్పుకొనును. కొంగజపము, బకధ్యానము అను పలుకుబళ్ళు అట్లు పుట్టినవే. తపస్సుచేత బ్రహ్మర్షియైనవాడు కొంగయగుటలోని ఎత్తిపొడుపు విననివానికిగూడ వినబడును. ఇక ఆడిని అమరకోశము శరారి యను పక్షికి పర్యాయముగా చెప్పినది. అది నీటిపక్షి. 12 ఏండ్లు నీట నుండి వచ్చినవాడు నీటిపక్షియగుటలోను అదే చమత్కారము కలదు. శాపము వారిని మార్చలేదు, ఉన్నదానినే రూపుకట్టించినది.

రెండవ ఆధారము కొలతల పోటీ. ఒకటి 2,000 యోజనములనగానే రెండవది 3,000 దాటును. ఇంత ఎత్తు చెప్పిన పిమ్మట యుద్ధము చేయు తీరు మాత్రము ఏ పెరటి కోళ్ళలోనైనను కనుపించునదే: రెక్కలతో కొట్టుకొనుట. అస్త్రములు లేవు, వ్యూహములు లేవు. శరీరము బ్రహ్మాండమును తాకుచున్నను చేష్ట పెరడు దాటదు. ఈ రెండింటి నడుమ గల వైషమ్యమే నవ్వు పుట్టించునది.

ఆలంకారికుల మతముతో దీనిని పోల్చి చూడవచ్చును. లోకసీమను అతిక్రమించు మాటను దండి అత్యుక్తి యని, దానిని గౌడమార్గమువారికి ప్రియమైనదిగా చెప్పి, కాంతిగుణమునకు ఎదుట నిలిపినాడు. ఆ దృష్టిచేత చూచినచో ఇది దోషమే. కాని హాస్యమునకు అనౌచిత్యమే కారణమని అభినవగుప్తుని మతము. ఇతర రసముల ఆభాసములుకూడ హాస్యమున పరిణమించునని ఆయన గ్రహించినాడు. తిర్యక్కులయందలి రసమును ఆభాసముగా చూచుటయు ఆలంకారికులలో ప్రసిద్ధమైన పక్షము. ఋషులయందు రౌద్రము అనుచితము, అది పక్షిదేహమున చేరినప్పుడు రౌద్రాభాసము, అందుండి హాస్యము. కావున ఇచ్చటి అత్యుక్తి దోషముగా కాక, సహృదయునకు అనౌచిత్యమును చూపు సాధనముగా పనిచేయుచున్నది.

ఈ నిర్ణయము ఒక్క ఘట్టమునకే పరిమితమైనదా యను శంక కలుగవచ్చును. దానిని పరీక్షించుటకు మన కావ్యములలోని మరి మూడు పోరాటములను తీసికొందము.

మొదటిది నన్నయ ఆదిపర్వము ద్వితీయాశ్వాసమందలి గజకచ్ఛప వృత్తాంతము. విభావసుడు, సుప్రతీకుడు అన్నదమ్ములు. తమ్ముడు ఆస్తిలో పాలు కోరినాడు. పంచుకొన్నవారు ధనమదముచేత ఒకరినొకరు లెక్కింపరని అన్న హితవు చెప్పినాడు. చెప్పియు, తమ్ముని ఏనుగువు కమ్మని తానే శపించినాడు. తమ్ముడు అన్నను తాబేలువు కమ్మన్నాడు. మూలమున ఏనుగు ఎత్తు 6 యోజనములు, నిడివి 12; తాబేలు ఎత్తు 3, చుట్టుకొలత 10. వెనుకటి లెక్కతో చూచినచో, తొండము సిద్దిపేటలోనున్న ఏనుగు తోక హైదరాబాదును దాటిపోవును. ఆ తాబేలు కాలు మోపుటకు మా కోమటిచెరువు చాలదు. ఇంత పెంచిన పోరునకు ఫలితమేమి? తల్లి దాస్యమును మాన్పుటకై అమృతమునకు పోవుచున్న గరుడుడు ఆకలిగొని, రెండింటిని రెండు కాళ్ళతో తన్నుకొనిపోయి తినివేసినాడు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినదను సామెతకు ఇంతకంటె పెద్ద ఉదాహరణము లేదు.

అయితే నడుమ ఒక సంఘటన కలదు. గరుడుడు వాలిన మఱ్ఱికొమ్మ విరిగినది. ఆ కొమ్మకు బొటనవ్రేలంతటి వాలఖిల్య మునులు తలక్రిందుగా వ్రేలాడుచు తపస్సు చేయుచున్నారు. వారికి హాని కలుగునని గరుడుడు కొమ్మను ముక్కున కఱచుకొని, దించు చోటు దొరకక తిరిగినాడు. యోజనముల కొలది జంతువులు ఆయనకు కబళములు, బొటనవ్రేలంతటివారు పూజ్యులు. కథ దేనిని పెద్దదిగా భావించుచున్నదో ఇచ్చట తేటపడును. ధర్మపక్షుల కథలో గంటక్రింది గ్రుడ్లకు గల స్థానమే ఇచ్చట వాలఖిల్యులకు కలదు.

రెండవది పోతన అష్టమస్కంధమందలి గజేంద్రమోక్షణము. ఇచ్చటను పోరువారు శాపగ్రస్తులే. ఏనుగు పూర్వము ఇంద్రద్యుమ్నుడను రాజు. మొసలి హూహూ యను గంధర్వుడు. పోరు వేయేండ్లు సాగినదని కథ. కొలత తక్కువదేమియు కాదు. అయినను ఎవరును నవ్వరు. కారణము స్పష్టము. ఆడీబకములు పోరిన కొలది పెరిగినవి. గజేంద్రుడు పోరిన కొలది తరిగినాడు. వేయేండ్ల కాలము ఆయన బలమును కాదు, బలమున్నదను భ్రమను అరగదీసినది. తన అశక్తిని తానెరిగిన క్షణమున యుద్ధకథ భక్తికథ అయినది. అత్యుక్తి అహంకారమును పెంచినచో హాస్యము. దానిని కరగించినచో శాంతము, భక్తి. రెండింటికిని ఒరగల్లు ఇదియే.

మూడవది ఓరుగంటి వీథులలో జరుగు క్రీడాభిరామము. అందు పొట్టేళ్ళ పోరు, కోళ్ళ పోరు వర్ణితములు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి యను మిత్రులు నగరమున తిరుగుచు వానిని చూచి ఆనందింతురు. వీరులకు తగిన శైలిని కవి పుంజులకు, పొట్టేళ్ళకు వాడినాడు. ఇచ్చట మార్గము తలక్రిందైనది. పురాణమున గొప్పవారు అల్పప్రాణుల చేష్టలు చేసి నవ్వుపాలైరి. వీథినాటకమున అల్పప్రాణులకు గొప్పవారి మాటలు తగిలించుటచే నవ్వు పుట్టినది. మొదటిదానిలో సిగ్గు కలదు, రెండవదానిలో వేడుక కలదు. ప్రాణులు అవియే యైనను ప్రయోజనము వేరు.

తెలుగున తొలి పురాణానువాదముగా సాహిత్యచరిత్రకారులు పరిగణించు మారన మార్కండేయ పురాణము సైతము ఓరుగంటి సంబంధము కలదే. తిక్కన శిష్యుడైన మారన దానిని ప్రతాపరుద్రుని సేనాని నాగయ గన్నయకు అంకితమిచ్చినాడు. ప్రతాపరుద్రుని పాలన 1323లో ఢిల్లీ సైన్యముల చేతిలో ముగిసినది. కోపముచే లోకమును మరచిన ఇద్దరు మహానుభావుల కథ గల పురాణము ఒక యుద్ధవీరునకు అంకితమగుట గమనింపదగినది. మన విమర్శ మారనను ప్రధానముగా పెద్దన మనుచరిత్రకు మూలముగానే చూచినది. ప్రవరుని కథకు ముందువెనుకల నున్న భాగములు అందుచేత మరుగుపడినవి. హరిశ్చంద్రోపాఖ్యానమును ఆడీబక యుద్ధముతో కలిపి మూలముతో సరిపోల్చి చదువుట పరిశోధక విద్యార్థులకు ఫలవంతమైన పని కాగలదు.

నా వాదమునకు ఒక అభ్యంతరము మిగిలియున్నది. దానిని దాచుట తగదు. యుద్ధము మాన్పిన బ్రహ్మ, విశ్వామిత్రుడు హరిశ్చంద్రునకు అపకారము చేయలేదనియు, అతనికి స్వర్గప్రాప్తిని కలిగించినాడనియు పలుకును. అట్లయినచో విశ్వామిత్రునకు జవాబుదారీ ఏది? పురాణము తుదకు పరీక్ష యను మాటకే మరలినదికదా యని అడుగవచ్చును.

ఈ మాట నన్నును చాలకాలము బాధించినది. బ్రహ్మ వాక్యము హరిశ్చంద్రుని బాధకు పూర్తి సమాధానమని నేనిప్పటికిని అంగీకరింపలేను. అయితే రెండు విషయములు చూడవలెను. బ్రహ్మ ఆ మాటను ఆడినది పోరుచున్న వసిష్ఠుని కోపమును దించుటకు, అది శాంతివచనము. రెండవది, ఆ వచనముతోపాటు కామక్రోధములకు లోబడి తపస్సునకు విఘ్నము తెచ్చుకొంటిరని ఇద్దరిని మందలించినాడు. విశ్వామిత్రునకు నరకము విధింపబడలేదు గాని, గౌరవము మాత్రము మునుపటివలె మిగులలేదు. కొంగయై రెక్కలు కొట్టుకొనగా లోకమెల్ల చూచినది. దండనకు అందని పెద్దలను కథ నవ్వుచేత దండించును. విశ్వేదేవులు పలికిన నిజమును శాపము అణచివేసినది. పక్షులు చెప్పిన హాస్యమును ఏ శాపమును అణచలేకపోయినది.

అందుచేతనే కథ విజయముతో గాక సిగ్గుతో ముగిసినది. రూపము తొలగగానే ఋషులకు కలిగినది పశ్చాత్తాపోపన్యాసము కాదు, లజ్జ. శ్రోతకు కలిగిన నవ్వు, పాత్రలకు కలిగిన సిగ్గు ఒకే వస్తువునకు రెండు ముఖములు. శ్రోత నవ్వకున్నచో ఆ సిగ్గునకు అర్థముండదు. కావున తరగతిలో విద్యార్థులు ఈ కొలతలు విని నవ్వినప్పుడు ఉపాధ్యాయుడు నొచ్చుకొన పనిలేదు. ‘అతిశయోక్తి’ యని నోటుపుస్తకమున వ్రాయించి ముందునకు సాగనూ కూడదు. వారు ఎందుకు నవ్వినారో వారిచేతనే చెప్పించినచో పాఠము అచ్చటనే ఆరంభమగును.

అంత పెద్ద పక్షులు ఎక్కడ నిలబడి కొట్లాడినవని ఆ విద్యార్థి అడిగిన ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పగలను. పురాణము వానికి వేరే రణరంగమును చూపలేదు. కొండలు, ఏళ్ళు, ఊళ్ళు, మనుష్యులు ఉన్న ఈ నేలమీదనే అవి నిలబడినవి. పెద్దల పోరునకు ఎప్పుడును చోటిచ్చునది ఈ నేలయే. ఆ బరువును మోసినవారు నోరు తెరచి అడిగినదాకా పోరువారికి తాము ఎక్కడ నిలిచినదియు తెలియదు.